పేదల చిన్న చెల్లెలు: జీన్ జుగాన్ జీవితం

వృద్ధాశ్రమం అనే మాట వినగానే మనలో పలువురికి మనసులో ఏదో వెలితి, ఒక విధమైన సిగ్గు కలగడం సహజం. ముదిమి వచ్చిన తల్లిదండ్రులను ఇంటి అరుగు మీద, మనుమల నడుమ కూర్చుండబెట్టి సాకుట మన సంప్రదాయమని గర్వంగా చెప్పుకొంటాము. ఆ గర్వం అకారణం కాదు. కాని అరుగే లేనివారి సంగతి ఏమి? బిడ్డలు లేనివారు, ఉన్నా ఆ బిడ్డలకే పూట గడవనివారు, జీవితమంతా పరుల వంటిండ్లలో అంట్లు తోమి, చేతులు వణికే వయసు వచ్చేసరికి వీధిన పడిన పనిమనుషులు, వీరిని గురించి సంప్రదాయం ఎక్కువగా మాట్లాడదు. ఈ ప్రశ్నకు 1839వ సంవత్సరపు చలికాలంలో ఫ్రాన్సు దేశపు ఒక చిన్న రేవు పట్టణంలో ఒక పనిమనిషి తనకు తోచిన సమాధానం చెప్పింది. మాటలతో కాదు, తన మంచం ఖాళీ చేసి చెప్పింది. ఆమె పేరు జీన్ జుగాన్. మఠకన్యలు నడిపే వృద్ధాశ్రమాలు నేడు ఎన్నో దేశాలలో ఉన్నాయి. వానిలో ఒక పెద్ద శాఖకు ఆమె మూలపుటమ్మ. అయినను ఆమె కన్ను మూసిన నాటికి ఆ సంగతి ఆమె ప్రక్కన ఉన్న సిస్టర్లలోనే చాలమందికి తెలియదు. ఈ వింత ఎట్లు సంభవించిందో మా పాఠకులకు వివరించదలచి ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

జీన్ 1792 అక్టోబరు 25వ తేదీన బ్రిటనీ ప్రాంతంలోని కంకాల్ అనే రేవు ఊరికి చెందిన ఒక చిన్న పల్లెలో జన్మించింది. అప్పటికి సుమారు నెల రోజుల క్రితమే పారిసులో రాజరికం రద్దయింది. విప్లవపు అలజడి బ్రిటనీ పల్లెలను కూడ కుదిపివేసింది. దేవాలయాలు మూతబడ్డాయి. ప్రభుత్వం కోరిన ప్రమాణం చేయడానికి నిరాకరించిన గురువులు అజ్ఞాతంలోకి వెళ్ళారు. పిల్లలకు ప్రార్థనలు నేర్పడం ఇంటి తలుపులు మూసుకొని చేయవలసిన పని అయింది. జీన్ తన మతాన్ని, కొద్దిపాటి చదువును అట్టి ఇండ్లలోనే నేర్చుకొంది.

తండ్రి జోసెఫ్ జుగాన్ చేపలవేటపై బ్రతికేవాడు. ఆల్చిప్పలకు పేరుపొందిన ఆ తీరంలో మగవారు నెలల తరబడి సముద్రం మీద ఉండడం, ఆడవారు ఒడ్డున ఎదురుచూడడం పరిపాటి. మన కోస్తా పల్లెలలోని బెస్తవారి ఇండ్లకు ఈ ఎదురుచూపు క్రొత్త కాదు. 1796లో సముద్రానికి పోయిన జోసెఫ్ మరి తిరిగి రాలేదు. అప్పటికి జీన్‌కు మూడున్నర ఏండ్లు. తల్లి మారీ కూలినాలి చేసి బిడ్డలను పెంచింది. జీన్ సముద్రానికి ఎదురుగా ఉన్న మెట్టలపై పశువులను కాస్తూ, చేతులు ఖాళీగా ఉంచక ఉన్ని వడికేది. ఆనాటి బీద ఇండ్లలో బాల్యం అనగా అంతే.

పదహారవ ఏట ఆమె దగ్గరలోని ఒక జమీందారిణి ఇంట వంటింటి పనికి కుదిరింది. ఆ దొరసాని, వైకౌంటెస్ ద లా షూ, దయగల ఇల్లాలు. పరిసరాలలోని రోగులను, బీదలను చూడబోతూ పనిపిల్లను వెంట తీసుకొని వెళ్ళేది. బీదవాని గుడిసెలో ఎట్లు అడుగు పెట్టవలెను, అతని మనసు నొచ్చుకొనకుండ ఎట్లు ఇవ్వవలెను అనే విద్యను జీన్ అక్కడ నేర్చింది. తానూ బీదపిల్లయే గనుక ఆ విద్య ఆమెకు త్వరగా పట్టుబడింది.

పదునెనిమిదవ ఏట ఒక నావికుడు ఆమెను పెండ్లాడుతానని అడిగాడు. ఆమె అంగీకరించలేదు. ఆరేండ్ల తరువాత అతడే మరల అడిగాడు. ఈసారి ఆమె నిశ్చయంగా కాదన్నది. దేవుడు తనను ఇంకను ఏర్పడని ఏదో ఒక పని కొరకు ఉంచుకొన్నాడని తల్లితో చెప్పిందట. ఆ పని ఏమిటో ఆమెకే తెలియదు. తెలియడానికి మరి ఇరువది ఏండ్లకు పైగా పట్టింది. యవ్వనంలోనే జీవిత ధ్యేయం తెలిసిపోవలెనని తొందరపడే మా విద్యార్థులు ఈ సంగతిని గమనించవలెనని మనవి.

1817లో, ఇరువదియైదవ ఏట, ఆమె తనకున్న మంచి బట్టలను అక్కచెల్లెండ్రకు పంచి, సెయింట్ మాలో రేవును ఆనుకొని ఉన్న సెయింట్ సెర్వాన్ పట్టణానికి వెళ్ళింది. అక్కడి రోజే ఆసుపత్రిలో నర్సుగా ఆరేండ్లు పనిచేసింది. రోగులు క్రిక్కిరిసిన ఆ ఆసుపత్రిలో చాకిరీ ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. ఆ రోజులలోనే ఆమె సెయింట్ జాన్ యూడ్స్ స్థాపించిన గృహస్థ స్త్రీల భక్త సంఘంలో చేరింది. ఇంట్లో ఉంటూనే నియమ జీవితం గడపడం ఆ సంఘపు పద్ధతి. తరువాత లెకాక్ అనే ఒక అవివాహిత స్త్రీ ఇంట పనికి కుదిరి, ఆమె 1835లో మరణించే వరకు పన్నెండేండ్లు ఆమెతోనే ఉంది. పేరుకు ఒకరు యజమానురాలు, ఒకరు పనిమనిషి. ఆచరణలో ఇరువురు స్నేహితురాండ్రు. కలిసి ప్రార్థించేవారు, కలిసి బీదల ఇండ్లకు వెళ్ళేవారు. లెకాక్ చనిపోతూ జీన్‌కు కొద్దిపాటి సొమ్ము, ఇంటి సామాను మిగిల్చింది.

అప్పటికి జీన్‌కు నలుబది మూడేండ్లు. ఇల్లు లేదు, సంసారం లేదు. బట్టలు ఉతుకుతూ, ఇండ్లలో రోజు పనులు చేస్తూ బ్రతికేది. ఫ్రాన్స్వాజ్ ఒబేర్ అనే డెబ్బది దాటిన స్నేహితురాలితో కలిసి మేడ మీద రెండు గదులు, పైన అటక గల ఒక చిన్న భాగాన్ని అద్దెకు తీసుకొంది. వర్జినీ అనే పదిహేడేండ్ల అనాథ బాలిక కూడ వారితో చేరింది. ముసలిది, నడివయసుది, పడుచుది, ముగ్గురు ఆడవారు, ముగ్గురూ కష్టపడి తినేవారు. కథ ఇంతటితో నిలిచి ఉంటే వారి పేరు ఎవరికీ తెలియవలసిన పని లేదు.

సెయింట్ సెర్వాన్‌లో ఆనాడు దారిద్ర్యం మెండు. సముద్రం మింగిన నావికుల భార్యలు, పని చేయలేక తొలగింపబడిన సేవకురాండ్రు వీధులలో ముష్టి ఎత్తేవారు. వృద్ధుల కొరకు పట్టణంలో ప్రత్యేకమైన శరణాలయం లేదు. 1839 చలికాలంలో ఆన్ షోవాన్ అనే వృద్ధ వితంతువు సంగతి జీన్ చెవిన పడింది. ఆమెకు కండ్లు లేవు, సగం శరీరం పడిపోయింది. ఆమెను చూచుకొనే దిక్కు పోయింది. జీన్ తోడి స్త్రీలతో సంప్రదించి, ఆ వృద్ధురాలిని ఇంటికి తెచ్చి, ఇరుకైన మెట్ల మీదుగా తన వీపున మోసుకొని మేడ ఎక్కించింది. తన మంచం ఆమెకు ఇచ్చి తాను అటక మీద పడుకొంది. అప్పటికి జీన్ వయసు నలుబది ఏడు.

ఈ ఘట్టం వద్ద మేము ఒక్క క్షణం ఆగదలచాము. లోకంలో ధర్మసంస్థలు పెక్కు విధాల పుట్టాయి. ధనికుడు వీలునామా వ్రాయగా కొన్ని, ప్రభుత్వం శాసనం చేయగా కొన్ని, పెద్దలు సభ జరిపి తీర్మానం చేయగా కొన్ని. ఈ సంస్థ పుట్టిన నాడు నిధి లేదు, తీర్మానం లేదు, నియమావళి లేదు. ఒక మంచం చేతులు మారింది, అంతే. తరువాత వచ్చినవన్నీ ఆ మంచం వెనుక వచ్చినవే.

త్వరలోనే రెండవ వృద్ధురాలు వచ్చింది. ఈమె ఒకప్పటి పనిమనిషి. యజమానులు చితికిపోయినా వారిని విడువక, జీతం లేకుండ చివరి వరకు సేవ చేసి, వారు పోయిన తరువాత తాను దిక్కులేనిదయింది. పనిమనిషి బాధ పనిమనిషికే తెలుస్తుంది గనుక జీన్ ఆమెకు కూడ చోటు చూపింది. పగలు పనికి వెళ్ళి సంపాదించినది అందరికీ పెట్టేది. రాత్రులు కూర్చుండి బట్టలు కుట్టేది. 1840లో వర్జినీ స్నేహితురాలైన మారీ జామే అనే యువతి వీరితో కలిసింది. పట్టణపు దేవాలయంలో సహాయక గురువుగా క్రొత్తగా వచ్చిన ల పైయర్ అనే యువకుడు వీరి చిన్న బృందానికి ఆధ్యాత్మిక సలహాదారుగా కుదిరాడు. ఈ గురువు పేరును పాఠకులు జ్ఞాపకం ఉంచుకొనవలెను.

1841లో వారు మేడ దిగి, అంతకుముందు సారాయి దుకాణంగా ఉండిన ఒక విశాలమైన క్రింది గదికి మారారు. అక్కడ పన్నెండు మంది వృద్ధురాండ్రకు చోటు దొరికింది. మరుసటి సంవత్సరం ఒక పాత మఠం భవనాన్ని కొన్నారు. అక్కడ నలుబది మంది చేరారు. తడి నేలమాళిగలో గడ్డి మీద పడి ఉండిన ఒక ముసలి నావికుని తీసికొని వచ్చి చేర్చడంతో మగవారికి కూడ ఆ ఇంటి తలుపు తెరుచుకొంది. చేతనైన వారు ఉన్ని ఏకేవారు, జనుము వడికేవారు. పని చేయగలవారిని ఊరక కూర్చుండబెట్టడం వారికి మర్యాద కాదని జీన్ అభిప్రాయం.

ఇందరికి తిండి ఎక్కడి నుండి వచ్చింది? ఈ ప్రశ్నలోనే జీన్ జీవితపు అసలు గుట్టు ఉన్నది. ఆమె చేర్చుకొన్న ముసలివారిలో పలువురు అంతకుముందు ఇంటింటా తిరిగి ముష్టి ఎత్తినవారే. ఎవరెవరి ఇండ్లలో ఏయే దినాల ఏమి దొరికేదో వారికి తెలుసు. వారిని మరల వీధికి పంపడం ఇష్టం లేక, వారికి బదులుగా జీన్ తానే బుట్ట చేతబట్టి ఆ ఇండ్లకు బయలుదేరింది. సెయింట్ జాన్ ఆఫ్ గాడ్ సభకు చెందిన ఒక బ్రదర్ ఈ ఉపాయాన్ని ప్రోత్సహించాడు. ఇన్నాళ్ళు మీ గుమ్మం ముందు నిలిచిన ముసలమ్మ ఇకపై రాదు, ఆమె వంతు నాకు ఇవ్వండి అని అడిగేది. మిగిలిన రొట్టె, పాత దుప్పటి, పుల్లలు, ఉన్ని, నాణెం, ఏది ఇచ్చినా పుచ్చుకొనేది. మన దేశంలో మాధుకరం చేసుకొని చదువుకొన్న విద్యార్థులు, వారాలు కుదుర్చుకొన్నవారు ఉండేవారు. వారికి ఈ బుట్ట బరువు తెలిసి ఉంటుంది.

ఆత్మాభిమానం గల మనిషికి చేయి చాచడం తేలిక కాదు. బ్రిటనీ పల్లెవారు కష్టజీవులు, ఒకరిని అడగడం అవమానంగా భావించేవారు. జీన్ ప్రతిసారి తన మనసును జయించుకొని తలుపు తట్టేదని ఆమె తోటివారు తరువాత చెప్పారు. ఒక ఇంట ఒక మనిషి విసుగుతో ఆమె చెంపపై కొట్టాడట. ఆమె శాంతంగా, ఆ దెబ్బ తనకు చెందుతుందని, ఇక తన ముసలివారికి చెందవలసినది ఏదైనా దయచేయమని కోరిందట. మా కళాశాల కార్యవర్గం వారిలో భవన నిధికి చందాలు వసూలు చేయ వీధులు తిరిగినవారు ఉంటే వారు ఈ కథను చిరునవ్వుతో చదువుతారని తలుస్తాము. చెంపదెబ్బ లేకపోవచ్చును గాని, సగం తెరిచిన తలుపు, రేపు రమ్మనే మాట, లోపలి నుండి వినబడే గొణుగుడు ఏ దేశంలోనైనా ఒక్కటే.

1842 మే నెలలో ఆ చిన్న బృందం జీన్‌ను తమ పెద్దగా ఎన్నుకొంది. 1843 డిసెంబరు 8న మరల ఆమెనే ఎన్నుకొన్నారు. రెండు వారాలు గడిచిన తరువాత, డిసెంబరు 23న, గురువు ల పైయర్ ఆ ఎన్నికను తన అధికారంతో రద్దు చేసి, ఇరువది మూడేండ్ల మారీ జామేను సుపీరియర్‌గా నియమించాడు. కారణం ఏమిటి? మారీ జామే అతని మాట జవదాటని శిష్యురాలు. జీన్ వయసు ముదిరిన స్త్రీ, పట్టణమంతా ఎరిగిన మనిషి, తనదైన గౌరవం కలది. అట్టి స్త్రీ పైన ఉంటే సంస్థ తన చేతిలో ఉండదని అతడు భావించి ఉంటాడని మా ఊహ. జీన్ ఎదురు చెప్పలేదు. మరునాడు యథాప్రకారం బుట్ట చేతబట్టి వీధిలోకి వెళ్ళింది. ముసలివారికి ఆ పూట కూడ అన్నం కావలెను గదా.

ఇందులోని విపరీతం 1845లో లోకానికి తెలియకుండానే బయటపడింది. సెయింట్ సెర్వాన్ పట్టణపు పెద్దలు జీన్ చేస్తున్న పనిని వివరించి ఫ్రెంచి అకాడమీకి ఒక విన్నపం పంపి ఉన్నారు. బీదవారై ఉండియు గొప్ప పుణ్యకార్యం చేసిన ఫ్రెంచివారికి ఏటేటా ఇచ్చే మాంత్యోన్ బహుమతిని అకాడమీ ఆ సంవత్సరం డిసెంబరు 11న జీన్ జుగాన్‌కు ప్రకటించింది. బహుమతి 3,000 ఫ్రాంకులు. దేశంలోని మహా పండితులు, రాజకీయ ప్రముఖులు కూర్చున్న సభలో దుపాన్ అనే పెద్దమనిషి ఆమె కథను వినిపించాడు. పత్రికలన్నీ ఆమె పేరు ప్రకటించాయి. దేశం ఆమెను కీర్తిస్తున్న ఆ సమయానికి ఆమె తన ఇంటిలోనే పదవి లేని సాధారణ సోదరి! దుపాన్ ఉపన్యాసం అచ్చయిన పుస్తకాన్ని ఆమె భద్రంగా వెంట ఉంచుకొనేది. గర్వం కొరకు కాదు, క్రొత్త ఊళ్ళలో చందా అడిగేటప్పుడు చూపడానికి. యోగ్యతాపత్రానికి ఇంతకంటె సవ్యమైన ఉపయోగం మాకు తోచదు.

ఆ తరువాతి ఏడేండ్లు ఆమె ప్రయాణాలతోనే గడిచాయి. 1846లో రెన్ నగరంలోను, దినాన్‌లోను క్రొత్త ఇండ్లు వెలిశాయి. ఆ తరువాత తూర్‌లోను, 1849లో పారిసులోను, 1850లో ఆంజేలోను, 1851లో సముద్రం దాటి లండనులోను ఆశ్రమాలు ఏర్పడ్డాయి. ఎక్కడ అప్పులు మిక్కుటమైతే, ఎక్కడ అధికారులతో చిక్కు వస్తే అక్కడికి జీన్‌ను పంపేవారు. పదవి లేకపోయినా పని మాత్రం ఆమెదే. ఆంజేలో ఆమె ఒక సైనికాధికారిని కలిసి, పండుగనాడు తన ముసలివారి ఎదుట రెజిమెంటు బ్యాండు వాయింపవలెనని కోరింది. బ్యాండు వచ్చింది. ఆకలి తీర్చుటయే చాలు అనుకొనే దాతలు పెక్కుమంది. ముసలివారికి పాట కూడ కావలెనని గుర్తించినవారు అరుదు. ఈ చిన్న సంఘటనను మేము అకాడమీ బహుమతి కంటె మిన్నగా లెక్కిస్తాము.

పారిసు ఇండ్లలో సిస్టర్లు హోటళ్ళ నుండి వాడిన కాఫీ పిప్పి సైతం తెచ్చి మరల కాచి వృద్ధులకు ఇచ్చేవారు. ముందు ముసలివారు తినవలెను, మిగిలినది సిస్టర్లు తినవలెను అనేది కట్టుబాటు. 1852లో ప్రసిద్ధ ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ నడిపిన వారపత్రికలో ఈ సోదరీమణులను గురించి ఒక వ్యాసం వెలువడింది. సంస్థ పేరు కూడ ఈ కాలంలోనే కుదుటబడింది. తొలుత పేదల సేవకురాండ్రు అన్నారు, తరువాత పేదల సోదరీమణులు అన్నారు, 1849 నుండి లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్, అనగా పేదల చిన్న చెల్లెండ్రు అనే పేరు స్థిరపడింది. పేదల పైన నిలిచే అమ్మగార్లు కాదు, వారి ఇంటిలోని చిన్న పిల్లలు. మన ఇండ్లలో చిన్న చెల్లెలు అంటే పెద్దలు చెప్పిన పని పరుగెత్తి చేసే పిల్ల గదా.

1852లో రెన్ బిషప్ ఈ సభకు అధికారపూర్వకమైన అనుమతి ఇచ్చారు. ల పైయర్ సభకు సర్వాధికారి అయ్యాడు. ఆ వెంటనే జీన్‌ను రెన్‌లోని ప్రధాన గృహానికి పిలిపించి, ఇకపై చందాలకు వెళ్ళవలదని, దాతలతో సంబంధాలు పెట్టుకొనవద్దని ఆజ్ఞాపించాడు. సిస్టర్ మేరీ ఆఫ్ ది క్రాస్ అనే మఠనామంతో ఆమె లోపలి పనులకు పరిమితమయింది. 1856లో సభ సెయింట్ పెర్న్ గ్రామంలో లా తూర్ అనే పెద్ద ఎస్టేటు కొన్నప్పుడు ఆమె అక్కడికి మారింది. అప్పటి నుండి మరణం వరకు అక్కడే. మొత్తం లెక్కిస్తే ఇరువది ఏడేండ్ల అజ్ఞాతవాసం. పాండవులకు పదమూడవ ఏడు ఒక్కటే అజ్ఞాతం!

ఇంతలో ల పైయర్ చరిత్రను తిరుగవ్రాశాడు. సంస్థ తన ఆలోచన నుండి పుట్టిందని, మారీ జామే, వర్జినీ తొలి సోదరీమణులని, జీన్ తరువాత వచ్చి చేరిన మూడవ మనిషి అని క్రొత్తవారికి బోధింపజేశాడు. కాగితం మీద ఎక్కిన అబద్ధానికి బలం ఎక్కువ. ఏటేటా వందల సంఖ్యలో చేరిన యువతులు దానినే నమ్మారు. లా తూర్‌లో చేతికర్ర పట్టుకొని తోటలో మెల్లగా నడిచే ఆ పొడవాటి ముసలి సిస్టర్‌ను వారు ఎరుగుదురు, ప్రేమించేవారు, ఆమె మాటలు చెవి ఒగ్గి వినేవారు. కాని ఆమె ఎవరో వారికి తెలియదు. ఆమె చెప్పలేదు. బీదవానిని చులకన చేయవద్దని, చిన్నగా ఉండమని, వృద్ధుని సేవించేటప్పుడు భగవంతుని సేవిస్తున్నట్లు తలంచమని వారికి ఉపదేశించేది. కడపటి ఏండ్లలో ఆమె చూపు దాదాపు పోయింది.

ఆమె మౌనం మూర్ఖుల మౌనం కాదు. జరిగిన అన్యాయం ఆమెకు స్పష్టంగా తెలుసు. ల పైయర్‌తో ఒకమారు, మీరు నా పనిని నా నుండి దొంగిలించారు, అయినా దానిని సంతోషంగానే మీకు విడుస్తున్నాను అన్న భావంతో ఆమె పలికిందని తరువాత కొందరు సాక్ష్యం చెప్పారు. అన్యాయాన్ని అన్యాయమని అనడం, అన్న తరువాత పగ లేకుండా ఉండడం, ఈ రెండూ ఒక్క మనిషిలో కుదరడం కష్టం. అయినను మా మనసులోని ఒక సందేహాన్ని దాచుకొనలేము. ఆమె మౌనం వలన ఒక అసత్యం నలుబది ఏండ్లకు పైగా చెలామణి అయింది. ఆమె ఎదిరించి ఉండవలసినదా? ఎదిరించి ఉంటే అప్పుడే మొలకెత్తిన సంస్థ రెండుగా చీలి, అందులోని వృద్ధులు మరల వీధిన పడేవారేమో. ఆమె తూకం వేసినది తన పేరును, వారి పడకలను. ఏది బరువో ఆమె నిర్ణయించుకొంది. విద్యార్థులు దీనిపై తమలో తాము వాదించుకొంటే మాకు సంతోషమే.

ఆ ఏకాంతంలో కూడ ఒక్కసారి ఆమె మాట సంస్థ దారిని నిర్ణయించింది. 1865లో ఒక సంపన్నుడు సభకు ఏటేటా స్థిరమైన ఆదాయం వచ్చే ఏర్పాటు చేయబోయాడు. స్వీకరిస్తే చింత తీరుతుంది. సభా పాలకులు ఏమి చేయవలెనో తోచక, ఎన్నడూ పిలువని ఆ వృద్ధ సోదరిని సమావేశానికి పిలిచి అభిప్రాయం అడిగారు. స్థిరాదాయం వద్దని, ఏనాటి తిండికి ఆనాడు దేవుని మీద, దాతల మీద ఆధారపడుటయే మన మార్గమని ఆమె చెప్పింది. సభ ఆమె మాటను అంగీకరించి, స్థిరాదాయాలను స్వీకరించరాదని తీర్మానించింది. ఆ పత్రంపై ఆమె సంతకం కూడ ఉన్నది. బడ్జెట్టు వ్రాసుకొనే మనబోటి సంస్థలవారికి ఇది వింతగా తోచవచ్చును. కాని దీని వెనుక లోకజ్ఞానం లేకపోలేదు. కూడబెట్టిన సొమ్ము ఉన్న ఆశ్రమం క్రమంగా సొమ్మును కాపాడే ఆశ్రమం అవుతుంది. అడుక్కొనే ఆశ్రమం మాత్రం ప్రతి దినం ఊరివారి గుమ్మంలోకి వెళ్ళవలెను, ఊరివారు కూడ తమ ముసలివారిని మరచిపోవడానికి వీలుండదు.

1879 మార్చి 1న పోపు 13వ లియో సభ నియమావళిని ఆమోదించారు. అదే సంవత్సరం ఆగస్టు 29న జీన్ జుగాన్ తన 86వ ఏట కన్ను మూసింది. అప్పటికి సభలో 2,400 మంది సిస్టర్లు, యూరపు, ఆఫ్రికా, అమెరికా ఖండాలలో 177 ఆశ్రమాలు ఉన్నాయి. లా తూర్ శ్మశానంలో ఒక సాధారణ సోదరిగా ఆమెను పాతిపెట్టారు.

నిజం బయటపడడానికి మరి పదకొండు ఏండ్లు పట్టింది. 1890లో రోమునగరపు అధికారులు విచారణ జరిపి ల పైయర్‌ను పిలిపించి అధికారం నుండి తొలగించారు. అతడు మరల సభ వ్యవహారాలలోకి రాలేదు, 1895లో మరణించాడు. 1893లో మరణించిన మారీ జామే, తాను మొదటి సోదరిని కానని, అట్లు నటించవలసినదిగా తనకు చెప్పారని చివరి దినాలలో ఒప్పుకొన్నదట. ఆమెను మనం కఠినంగా తీర్పు తీర్చనవసరం లేదు. ఇరువది మూడేండ్ల వయసులో మోయలేని కిరీటం ఆమె తలపై పెట్టారు. తరువాత వెలువడిన చరిత్రలు పాత పత్రాలను, సెయింట్ సెర్వాన్ వృద్ధుల జ్ఞాపకాలను, అకాడమీ రికార్డును పరిశీలించి జీన్‌ను ఆమె స్థానంలో నిలిపాయి. పట్టణపు పెద్దలు ఆనాడు పంపిన విన్నపం, దుపాన్ ఉపన్యాసం లేకపోతే ఈ పని ఎంత కష్టమయ్యేదో! చందా కొరకు ఆమె మోసిన ఆ చిన్న పుస్తకమే చివరకు ఆమె తరఫున సాక్ష్యం చెప్పింది. 1982 అక్టోబరు 3న పోపు 2వ జాన్ పాల్ ఆమెను ధన్యురాలుగా ప్రకటించారు. 2009 అక్టోబరు 11న పోపు 16వ బెనెడిక్ట్ ఆమెను పునీతుల పంక్తిలో చేర్చారు. మొలొకై దీవిలో కుష్ఠురోగుల మధ్య జీవించి మరణించిన డామియన్ పాదరీకి కూడ అదే దినాన ఆ గౌరవం లభించింది.

ఈ సోదరీమణులు జీన్ మరణించిన మూడేండ్లకే, 1882లో, భారతదేశానికి వచ్చి కలకత్తాలో వృద్ధాశ్రమం స్థాపించారు. 1948లో లొరెటో మఠం విడిచి, పాట్నాలో వైద్యశిక్షణ పొంది, డిసెంబరులో కలకత్తాకు తిరిగివచ్చిన మదర్ థెరీసాకు తల దాచుకొనే చోటు లేకపోయినప్పుడు ఆశ్రయం ఇచ్చినది ఈ ఆశ్రమమే. ఆమె ప్రతి ఉదయం అక్కడి నుండి బయలుదేరి మోతీఝీల్ మురికివాడకు నడిచి వెళ్ళేవారు. మదర్ థెరీసా పేరు మన విద్యార్థులలో ఎరుగనివారు ఉండరు. ఆమెకు పడక ఇచ్చిన ఇల్లు ఎవరిదో ఎరిగినవారు కొద్దిమందే ఉంటారు.

మన సికింద్రాబాదులో కూడ ఈ సభవారి వృద్ధాశ్రమం ఉన్నది. బీదరికం, వార్ధక్యం ఈ రెంటిని చూచి చేర్చుకొనడమే గాని కులమతాలు అడగడం వారి పద్ధతి కాదు. మామూలు మఠకన్యలు పట్టే మూడు వ్రతాలకు తోడు, ఆతిథ్యవ్రతం అనే నాలుగవ వ్రతం కూడ వారు పడతారు. వృద్ధులు వారి ఇంట రోగులు కారు, అతిథులు. సిస్టర్లు ఇద్దరిద్దరుగా బజారుకు వెళ్ళి కూరగాయలు, బియ్యం, పప్పు, ఎవరు ఏది ఇస్తే అది తెచ్చుకొంటారు.